కార్డు ఒడిశాది, ఆసుపత్రి విశాఖలో: రిటైరయ్యాక వైద్యం ఖర్చులకు సరిహద్దులో ఉన్నవాళ్లు ఎలా సిద్ధపడాలి

పొద్దున్నే ఒడిశాలోని రాయగడ స్టేషన్‌లో విజయనగరం వైపు పోయే బండి కోసం నిలబడ్డవాళ్లని ఒకసారి చూడండి. చంకలో గోధుమరంగు ఎక్స్‌రే కవరు, చేతిలో బుట్ట, బుట్టలో ఫ్లాస్కు, ఇడ్లీ డబ్బా, పక్కన తోడు వచ్చిన కొడుకో అల్లుడో. నాకు తెలిసి ఆ ప్లాట్‌ఫాం మీద రోజూ కనీసం ఓ పది ఎక్స్‌రే కవర్లుంటాయి. ఒడిశాలో ఉంటున్న తెలుగువాళ్లం మేం. మా ఓటు ఒడిశాది, ఆధార్ మీద అడ్రసు ఒడియాలో ఉంటుంది, జబ్బు చేస్తే మాత్రం కాళ్లు విశాఖ వైపు నడుస్తాయి. అంతెందుకు, మా రాజధాని భువనేశ్వర్‌కి పోవాలన్నా హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం, పలాస తిరిగే పోతుంది.

నాకిప్పుడు 64, మా ఆవిడకి 61. నేను ఒక ప్రైవేటు కంపెనీ స్టోర్స్‌లో పనిచేసి రిటైరయ్యాను, చెప్పుకోదగ్గ పెన్షన్ లేదు, పీఎఫ్, గ్రాట్యుటీ వచ్చాయి అంతే. రిటైరైన మొదటి ఏడాది నేను చేసిన తప్పు, డబ్బు ఎంత పక్కన పెట్టాలి అన్న ప్రశ్న దగ్గర మొదలుపెట్టడం. అది ఆఖరి ప్రశ్న. మనలాంటి వాళ్లం ముందు తేల్చుకోవాల్సింది ఏ జబ్బుకి ఏ ఊరు వెళతాం, ఆ ఊళ్లో మన చేతిలో ఉన్న కార్డు చెల్లుతుందా లేదా అన్నది. అది తేలాక మిగిలిన ఖర్చు ఎంతో దానంతటదే బయటపడుతుంది. ఆ వరుసలోనే రాస్తున్నాను.

మొదటి పని: ఊళ్ల పట్టిక

ఒక తెల్లకాయితం తీసుకుని మూడు గడులు గీయండి. పై గడిలో జ్వరం, బీపీ, షుగర్, చిన్న దెబ్బలు. మధ్య గడిలో హెర్నియా, కంటి శుక్లం, గాల్‌బ్లాడర్‌లో రాళ్లు లాంటివి, అంటే టైమ్ చూసుకుని చేయించుకోగలిగినవి. కింద గడిలో గుండె, పక్షవాతం, కేన్సర్, కిడ్నీ. ఒక్కోదాని పక్కన నిజంగా మీరు వెళ్లబోయే ఊరు రాయండి, వెళ్లాలనుకునేది కాదు.

మా ఇంట్లో పై గడికి రాయగడ జిల్లా ఆసుపత్రి. మధ్య గడికి బిస్సంకటక్ క్రిస్టియన్ హాస్పిటల్ గానీ, కొరాపుట్‌లో షహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ గానీ. కంటికి విశాఖలో ఎల్వీ ప్రసాద్. కింద గడికి వచ్చేసరికి విశాఖే. సర్కారు పెద్దాసుపత్రి కేజీహెచ్ ఉంది, కేన్సర్‌కి అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా ఆసుపత్రి ఉంది, ప్రైవేటువి ఎలాగూ ఉన్నాయి. భువనేశ్వర్ ఎయిమ్స్ పేరు కూడా రాసుకున్నాం గానీ, రాత్రంతా రైల్లో కూర్చుని వెళ్లాలి కాబట్టి రెండో స్థానంలో పెట్టాం.

మీ పట్టిక వేరేగా ఉంటుంది. పర్లాకిమిడి వాళ్లకి పాతపట్నం దాటితే టెక్కలి, శ్రీకాకుళం. బరంపురం వాళ్లకి ఇంటి పక్కనే ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, పైగా ఇచ్ఛాపురం, కవిటి జనం కూడా వైద్యానికి అక్కడికే వస్తుంటారు. ఉద్దానం వైపు బంధువులున్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు, కిడ్నీ జబ్బు అక్కడ ఎన్ని ఇళ్లు గుల్ల చేసిందో. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. అది వాళ్ల పట్టికలో ఉండాల్సిందే. అటు మహారాష్ట్రలో సిరొంచ మనవాళ్లు ప్రాణహిత దాటి మంచిర్యాల, గోదావరి దాటి వరంగల్ వెళుతుంటారు, కథ అదే.

గుండెపోటు, పక్షవాతం ఎదుట మాత్రం విడిగా ఇంకో మాట రాయండి: ముందు దగ్గర్లో ఉన్న ఆసుపత్రి, తర్వాత విశాఖ. మొదటి సూది మందు పడకుండా నాలుగు గంటలు కారెక్కి పోదామని బయల్దేరడం మా వీధిలో రెండుసార్లు చూశాను. దాని గురించి ఇక్కడ ఇంకేం రాయను.

రెండో పని: ఏ కార్డు ఏ గడికి

ఇక్కడ కాస్త ఓపిక పట్టాలి, డబ్బంతా ఇక్కడే మిగులుతుంది లేదా ఇక్కడే పోతుంది.

ఒడిశాలో పాత బిజు స్వాస్థ్య కల్యాణ్ కార్డు బదులు 2025 నుంచి ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిపి నడుస్తున్నాయి. రేషన్ కార్డున్న కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఇంట్లో ఆడవాళ్లకి అదనంగా మరో 5 లక్షలు. ఆయుష్మాన్ కార్డు రాష్ట్రం దాటినా ప్యానెల్‌లో, అంటే పథకం జాబితాలో, ఉన్న ఆసుపత్రిలో చెల్లుతుంది. సరిహద్దులో ఉన్న మనకి ఇంతకంటే పెద్ద మార్పు ఈమధ్య రాలేదు. ఉన్న జబ్బులకి మొదటి రోజు నుంచే వర్తిస్తుంది, వెయిటింగ్ పీరియడ్ అంటూ లేదు. అడ్మిట్ కావడానికి ముందు 3 రోజులు, డిశ్చార్జి తర్వాత 15 రోజుల మందులు, పరీక్షలు ప్యాకేజీలోకే వస్తాయి. ఓపీ మాత్రం రాదు. రోజూ మింగే బిళ్లలకి ఈ కార్డు పనికిరాదు.

రేషన్ కార్డు లేదా? 70 నిండితే ఆదాయంతో పనిలేదు. 2024 అక్టోబరు 29 నుంచి ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు, వయసుకి ఆధార్ ఒక్కటే రుజువు. ఏడాదికి 5 లక్షలు, ఇంట్లో 70 దాటినవాళ్లు ఇద్దరుంటే ఇద్దరికీ కలిపే ఆ 5 లక్షలు. ఇదివరకే కుటుంబం ఆయుష్మాన్‌లో ఉంటే పెద్దవాళ్లకి ఇది విడిగా వస్తుంది. ప్రైవేటు పాలసీ ఉన్నా, ఈఎస్ఐ ఉన్నా తీసుకోవచ్చు. కేంద్ర ఉద్యోగుల సీజీహెచ్ఎస్‌లోనో, మాజీ సైనికుల ఈసీహెచ్ఎస్‌లోనో ఉన్నవాళ్లు మాత్రం అదో ఇదో ఒకటి ఎంచుకోవాలి. ఆయుష్మాన్ యాప్‌లో మనమే చేసుకోవచ్చు, లేదా కామన్ సర్వీస్ సెంటర్‌కి వెళ్లొచ్చు. అనుమానమొస్తే 14555కి ఫోన్ చేయండి.

ఇప్పుడు అసలు మెలిక. మా వీధిలో ఒక పెద్దావిడ, నేను పిన్ని అనే పిలుస్తాను, మోకాలి మార్పిడికని కొడుకుతో కలిసి విశాఖలో ఒక ఆసుపత్రికి వెళ్లింది. ఆసుపత్రి ప్యానెల్‌లో ఉంది, గోడ మీద బోర్డు కూడా ఉంది. తీరా కౌంటర్లో చూస్తే ఆ ఆసుపత్రి గుండెకి, కిడ్నీకి మాత్రమే ప్యానెల్‌లో ఉంది, ఎముకలకి లేదు. రెండు రోజులు లాడ్జిలో ఉండి తిరిగొచ్చారు. అందుకే ఫోన్లో అడిగేటప్పుడు "మీ దగ్గర ఆయుష్మాన్ ఉందా" అని అడిగితే చాలదు. మూడు ప్రశ్నలు అడగాలి: ఫలానా జబ్బుకి ఉందా? ఒడిశా కార్డు మీద ఈ నెలలో ఎవరికైనా చేశారా? ఆధార్, కార్డు కాక ఇంకేం కాయితాలు తేవాలి? ఈ ప్రశ్నలు రిసెప్షన్‌లో కాదు, పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర కౌంటర్లో అడగాలి. రెండో ప్రశ్నకి వాళ్లు తడుముకుంటే వేరే ఆసుపత్రి చూసుకోండి. ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్లకి ఇచ్చే అదనపు 5 లక్షలు అక్కడ వాడుకోవచ్చా అన్నది కూడా అదే ఫోన్లో అడిగేయండి.

ఇంకో మాట. "మా అత్తారిది పార్వతీపురం, వాళ్ల ఆరోగ్యశ్రీలో మా పేర్లు ఎక్కించేస్తే సరి" అని కొందరు సలహా ఇస్తారు. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్న ఆ పథకం ఆంధ్రాలో ఉండేవాళ్లది. రెండు రాష్ట్రాల్లో పేర్లు పెట్టుకుంటే ఆధార్ దగ్గర దొరికిపోతాం, అప్పుడు ఉన్న కార్డుకే ఎసరు. వద్దు.

సర్కారు ఉద్యోగాలు చేసినవాళ్ల సంగతి నాలుగు ముక్కల్లో. కేంద్ర పెన్షనర్లయితే సీజీహెచ్ఎస్ జీవితకాలం కార్డుకి ఒక్కసారే కట్టేయొచ్చు, పే లెవెల్‌ని బట్టి 30,000 నుంచి 1,20,000 దాకా ఉంటుంది. సీజీహెచ్ఎస్ సౌకర్యం లేని ఊళ్లో ఉంటే ఓపీ కోసం నెలకి 1,000 రూపాయల మెడికల్ అలవెన్సు తీసుకుంటూనే, అడ్మిట్ కావాల్సి వస్తే కార్డు వాడుకునే దారి ఉంది. రైల్వేవాళ్లకి వైద్యానికి ఉమీద్ కార్డు ఉంది. ఈఎస్ఐలో కనీసం 5 ఏళ్లు ఉండి వయసు మీద రిటైరైనవాళ్లు ఏడాదికి 120 రూపాయలు, అవును నూట ఇరవయ్యే, కడితే భార్యాభర్తలిద్దరికీ వైద్యం కొనసాగుతుంది. ఇది తెలియక వదిలేసుకున్నవాళ్లని నేను ఎంతమందిని చూశానో. సునాబెడ, దమన్‌జోడి లాంటి చోట్ల పెద్ద ప్రభుత్వ కంపెనీల్లో చేసినవాళ్లు రిటైరయ్యే ముందే హెచ్ఆర్‌లో కూర్చుని రాతపూర్వకంగా అడగండి, రిటైరయ్యాక మనల్ని పట్టించుకునేవాళ్లుండరు.

మూడో పని: మూడు నెలల లెక్క

ఇంట్లో పాల లెక్క రాసే పుస్తకమే చాలు. మూడు నెలలపాటు వైద్యం పేరుతో పోయిన ప్రతి రూపాయి రాయండి, ఆటో సహా. మేం రాసింది ఏడాదికి లెక్క కడితే ఇలా తేలింది. ఇద్దరి బిళ్లలు నెలకి 3,400 చొప్పున 40,800. మూడు నెలలకోసారి రక్తపరీక్షలు, నాకు షుగర్, ఆవిడకి థైరాయిడ్, 7,200. డాక్టరు ఫీజులు 3,600. ఏడాదికి రెండుసార్లు విశాఖ ప్రయాణం, టికెట్లు, లాడ్జి, భోజనం, ఆటోలు కలిపి ఒక్కోసారి 7,000, అంటే 14,000. పళ్లు, కళ్లద్దాలు, ఫిజియోథెరపీ లాంటి చిల్లర మల్లర 10,000. మొత్తం 75,600.

ఇందులో ఆయుష్మాన్ కార్డు ఒక్క రూపాయి ఇవ్వదని గమనించారా? అడ్మిషనే లేదు మరి. అందరూ ఆపరేషన్‌కి భయపడతారు, నిజానికి రిటైరైనవాడి జేబుకి మెల్లగా చిల్లు పెట్టేది ఈ చిన్న ఖర్చులే. మా ఆవిడ అయితే విశాఖ ప్రయాణాల ఖర్చు చూసి, "ఏమండీ, ఈ డబ్బుతో ఇంకో నాలుగు నెలల మందులు వచ్చేవి కదా" అంది. అప్పట్నుంచి పొద్దున బండికి వెళ్లి రాత్రికి తిరిగొచ్చేలా అపాయింట్‌మెంట్ తీసుకుంటున్నాం, కుదిరినప్పుడు.

రైలు గురించి ఒక చిట్కా. పెద్దవాళ్ల రాయితీ 2020 మార్చిలో తీసేశారు గానీ రోగుల రాయితీ ఉంది. గుండె ఆపరేషన్‌కి వెళ్లేవాళ్లకి, డయాలిసిస్ లేదా కిడ్నీ మార్పిడికి వెళ్లేవాళ్లకి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో 75 శాతం తగ్గుతుంది, తోడు వెళ్లే ఒకరికి కూడా. కేన్సర్ రోగులకి ఇంకా ఎక్కువ. దానికి ఆసుపత్రి వాళ్లు నిర్ణీత ఫారంలో రాసివ్వాలి, మనం అడిగితేనే ఇస్తారు.

75,600 అనేది ఈ ఏడాది సంగతి. ఏటా 8 శాతం పెరుగుతుందనుకుంటే 9 ఏళ్లలో రెట్టింపు అవుతుంది. అంటే నాకు 73 వచ్చేసరికి లక్షన్నర. ఆ అంకె కాయితం మీద పెద్దక్షరాలతో రాసుకున్నాను, కొడుకు బండి మారుస్తానని అడిగినప్పుడు చూపించడానికి.

నాలుగో పని: 60కీ 70కీ మధ్య గండం

రేషన్ కార్డు లేదు, 70 ఇంకా రాలేదు, సర్కారు ఉద్యోగం కాదు. నా పరిస్థితి ఇదే. ఈ పదేళ్లకి ప్రైవేటు హెల్త్ పాలసీ తప్ప దారి లేదు. కంపెనీలో గ్రూప్ పాలసీ ఉన్నవాళ్లు రిటైరయ్యే ముందే, అంటే పాలసీ బతికుండగానే, అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మార్చమని అడగండి. అలా మారితే అప్పటిదాకా గడిచిన వెయిటింగ్ పీరియడ్ కలిసొస్తుంది. నేను అడగలేదు. నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ చదవలేదు.

రూల్స్ ఈమధ్య కొంచెం మనవైపు మారాయి. 2024 ఏప్రిల్ నుంచి 65 దాటినా కొత్త పాలసీ తీసుకోవచ్చు. ముందే ఉన్న జబ్బులకి వెయిటింగ్ 4 ఏళ్ల నుంచి 3 ఏళ్లకి తగ్గించారు. పెద్దవాళ్ల ప్రీమియం ఏడాదికి 10 శాతం మించి పెంచాలంటే కంపెనీ ముందు బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐని సంప్రదించాలని 2025 జనవరిలో చెప్పారు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ పూర్తిగా పోయింది. మా ఇద్దరికీ కలిపి ప్రీమియం 46,000, పాత జీఎస్టీ ఉంటే 54,280 అయ్యేది.

పాలసీ కొనేటప్పుడు ఎంత లక్షలన్నది చివర చూడండి. ముందు కో-పే చూడండి. 20 శాతం కో-పే అంటే 3 లక్షల బిల్లులో 60,000 మన జేబులోంచే. తర్వాత రూమ్ రెంట్ పరిమితి. రోజుకి 3,000 పరిమితి ఉన్న పాలసీతో 6,000 గదిలో ఉంటే గది తేడా ఒక్కటే కాదు, డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఖర్చు లాంటివి కూడా అదే నిష్పత్తిలో సగానికి కోసేస్తారు. శుక్లం, మోకాలి మార్పిడి, హెర్నియా లాంటి వాటికి సాధారణంగా 2 ఏళ్లు ఆగాలి. ఆఖరుగా, మీ ఊళ్ల పట్టికలో కింద గడిలో రాసుకున్న ఆసుపత్రులు వాళ్ల నెట్‌వర్క్‌లో ఉన్నాయో లేదో. భువనేశ్వర్‌లో వంద ఆసుపత్రులున్నాయని ఏజెంటు మురిపిస్తాడు, మనం వెళ్లేది అక్కడికి కాదు కదా.

ఇక జబ్బులు దాచడం. మా తోడల్లుడు బరంపురంలో ఉంటాడు. పాలసీ తీసుకున్నప్పుడు "బీపీ గురించి రాయక్కర్లేదు సార్, ప్రీమియం పెరిగిపోతుంది" అన్నాడు ఏజెంటు, ఈయన సరే అన్నాడు. రెండేళ్లకి విశాఖలో స్టెంట్ వేయించాల్సి వచ్చింది. కేస్ షీట్‌లో డాక్టరు మామూలుగా అడిగి రాసుకున్న ఒక్క లైను, "బీపీ, ఆరేళ్లుగా". క్లెయిమ్ తిరస్కరించారు. 2,60,000 చెల్లెలి గాజులు తాకట్టు పెట్టి కట్టాడు. "అన్నయ్యా, అబద్ధం నేనాడాను, ఏజెంటు మీద పడి ఏం లాభం" అన్నాడు నాతో. నేనైతే ఏజెంటుని కూడా వదలను, అది వేరే సంగతి. మీరు మాత్రం మింగే ప్రతి బిళ్లా, పాత ఆపరేషన్లన్నీ రాసి, నింపిన ఫారం కాపీ దగ్గర పెట్టుకోండి. 5 ఏళ్లు ఆపకుండా కట్టిన పాలసీ మీద, మోసం రుజువైతే తప్ప, నువ్వు చెప్పలేదు అని క్లెయిమ్ ఆపకూడదు. అందుకే రెన్యువల్ ఒక్క ఏడాది కూడా తప్పనివ్వకండి. కంపెనీ నచ్చకపోతే రెన్యువల్‌కి కనీసం 45 రోజుల ముందు పోర్టింగ్‌కి, అంటే పాలసీని వేరే కంపెనీకి మార్చడానికి, అడగాలి.

క్లెయిమ్ అన్యాయంగా ఆపితే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. తేలకపోతే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, ఏడాదిలోపు వెళ్లాలి. ఒడిశాలో ఉండేవాళ్లకి అది భువనేశ్వర్ ఆఫీసు, ఆసుపత్రి విశాఖలో ఉన్నా సరే. హైదరాబాద్ ఆఫీసుకి పంపి నెలలు పోగొట్టుకోకండి. ఫోన్లో అడగాలంటే ఐఆర్‌డీఏఐ నంబరు 155255.

70 వచ్చాక వయ వందన వస్తుంది కదా, పాలసీ ఆపేయొచ్చా అని అడుగుతారు. నేను ఆపను. ప్రభుత్వ కార్డు ప్యానెల్ ఆసుపత్రిలోనే, ప్యాకేజీలో ఉన్న చికిత్సకే. కట్టగలిగినంత కాలం రెండూ ఉంచుకుంటాను. అయితే ఒకే అడ్మిషన్‌లో సగం దీని మీద, సగం దాని మీద అని లెక్కలేసుకోకండి.

ఐదో పని: డబ్బు ఎక్కడ పెట్టాలి

ఇప్పుడు అంకె తెలిసింది. 75,600 ఇంటి లెక్క, 46,000 ప్రీమియం, మొత్తం 1,21,600. నేను పీఎఫ్ డబ్బులోంచి 15 లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజెన్ సేవింగ్స్ స్కీమ్‌లో వేశాను, వైద్యానికి మాత్రమే అని పేరు పెట్టి. నేను వేసినప్పుడు వడ్డీ 8.2 శాతం, అది 5 ఏళ్లూ మారదు. మూడు నెలలకి 30,750 పడుతుంది, ఏడాదికి 1,23,000. అంటే 1,400 మిగులు! ఒక మనిషి అందులో 30 లక్షల దాకా వేయొచ్చు. 60 నిండాలి, లేదా 55 దాటి రిటైరైనవాళ్లు డబ్బు చేతికొచ్చిన 3 నెలల్లోపు వేయాలి. మధ్యలో తీస్తే, ఏడాది దాటి రెండేళ్లలోపైతే ఒకటిన్నర శాతం, తర్వాత ఒక శాతం కోత.

ఖర్చు పెరుగుతుంది, వడ్డీ పెరగదు, అది తెలుసు. అందుకే ఇంకో 5 లక్షలు ఎఫ్‌డీలో ముట్టుకోకుండా వడ్డీ మీద వడ్డీ చేరేలా ఉంచాను. అదిగాక 2 లక్షలు సేవింగ్స్‌కి తగిలించిన ఎఫ్‌డీలో ఉంటాయి, అర్ధరాత్రి కూడా తీయగలిగేలా. ఈ ఖాతా ఇద్దరిలో ఎవరైనా తీసేలా జాయింట్‌గా ఉండాలి. ఐసీయూలో ఉన్న మనిషి సంతకం పెట్టలేడు. ఏటీఎం, యూపీఐ రోజువారీ పరిమితి కూడా చూసుకోండి, అడ్వాన్సు లక్ష కట్టమంటే పరిమితి 25,000 అని ఫోన్ చెబితే ఆ కౌంటర్ ముందు నిలబడ్డ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

ఈ డబ్బుని చిట్టీల్లో, వడ్డీ వ్యాపారంలో, బామ్మర్ది వెంచర్‌లో పెట్టకండి. అంతే.

పన్ను కట్టేవాళ్లయితే, పాత పద్ధతిలో ఉన్నవాళ్లకే, 80డి అని అందరూ పిలిచే మినహాయింపు 60 దాటినవాళ్లకి 50,000 దాకా ఉంది. పాలసీ లేని పెద్దవాళ్లు మందులు, డాక్టరు ఖర్చులు కూడా చూపించుకోవచ్చు. నగదు ఇస్తే లెక్కలోకి రాదు, ఫోన్‌తో కట్టి బిల్లు దాచుకోండి.

ఆరో పని: బిళ్లల ఖర్చు కోయడం

మా 3,400 ఇప్పుడు 1,900కి దిగింది. పెద్ద విద్యేం లేదు. చీటీలో కంపెనీ పేరు బదులు కంపోజిషన్ పేరు రాయమని డాక్టరుని అడిగి జన ఔషధి దుకాణంలో కొంటున్నాం. ఆయన మొదట మొహం ముడిచాడు, తర్వాత రాశాడు. థైరాయిడ్ బిళ్ల మాత్రం పాత కంపెనీదే ఉంచమన్నాడు, ఉంచాం. మీకు మీరే మార్చేయకండి, మార్చిన నెల తర్వాత బీపీ, షుగర్ చూపించుకోండి. సర్కారు ఆసుపత్రిలో నిరామయ కౌంటర్లో కొన్ని మందులు ఉచితం, లైను కాస్త పొడుగు. డయాలిసిస్ అవసరమున్నవాళ్లు డబ్బు పెట్టే ముందు జిల్లా ఆసుపత్రిలో ఉచిత డయాలిసిస్ గురించి అడగండి.

ఏడో పని: ఇంటిపేరు గొడవ

ఇది మనకే ఉన్న జబ్బు. మనకి ఇంటిపేరు ముందు, ఒడిశా ఆఫీసుల్లో అది వెనక్కి పోతుంది. అప్పారావు ఒక చోట ఒకే మాట, ఇంకో చోట అప్పా వేరు, రావు వేరు, ఒడియాలోంచి ఇంగ్లిషులోకి దిగేసరికి ఇంకో రూపం. నా పేరు ఆధార్‌లో ఒకలా, పాన్‌లో ఒకలా, పాలసీలో మూడోలా ఉండేది. ఆధార్‌ని ప్రమాణంగా పెట్టుకుని మిగతావన్నీ దానికి తగ్గట్టు మార్పించుకున్నాను, నాలుగు నెలలు పట్టింది. ఒంట్లో బాగున్నప్పుడే ఈ తిరుగుడు తిరగాలి. ఆధార్‌కి ఫోన్ నంబరు లింక్ అయి ఉందా, ఆ సిమ్ ఇంకా బతికే ఉందా, అదీ చూడండి. ఓటీపీ రాకపోతే కార్డు పని ముందుకి కదలదు.

ఒక ప్లాస్టిక్ ఫైలు కొని అందులో ఆధార్ కాపీలు, ఆయుష్మాన్ కార్డు, పాలసీ, నింపిన ప్రపోజల్ ఫారం కాపీ, పాత డిశ్చార్జి కాయితాలు, ప్రస్తుతం వాడే బిళ్లల జాబితా పెట్టండి. ఫైలు ఎక్కడుందో ఇంట్లో ఇద్దరికీ తెలియాలి.

ఆఖరి పని: ఉత్తుత్తి అడ్మిషన్

అన్నీ అయ్యాక ఒక ఆదివారం మా ఆవిడతో అన్నాను, "నేను పడిపోయాననుకో, ఇప్పుడేం చేస్తావు?" నోరు మూయమంది ముందు. తర్వాత కూర్చుంది. ఫైలు దొరికింది. పాలసీ నంబరు కళ్లజోడు లేకుండా చదవలేకపోయింది. బీమా కంపెనీ నంబరుకి ఫోన్ చేస్తే హిందీ, ఇంగ్లిషు తర్వాత ఎప్పటికో తెలుగు వచ్చింది. ఎఫ్‌డీ తెంచడం యాప్‌లో నేర్చుకుంది గానీ పిన్ నా బుర్రలోనే ఉంది. విశాఖలో ఉన్న మేనల్లుడికి ఫోన్ చేస్తే వాడు నంబరు మార్చి ఆరు నెలలైందట.

మొత్తం గంటన్నర పట్టింది. ఇప్పుడు బీరువా తలుపు లోపల ఒక కాయితం అంటించి ఉంది: పాలసీ నంబరు, 14555, 108, మేనల్లుడి కొత్త నంబరు, ఊళ్ల పట్టిక, రెన్యువల్ తేదీ. అక్షరాలు ఆవిడే రాసింది, ఒక్కోటి వేలెడంత.